తుల్లియో పేరు వేసిన టైపు

నా పేరు ఇల్డె కవాత్సినీ. వయసు ముప్పై ఒకటి. చనిపోయిన తుల్లియో కవాత్సినీ భార్యను. పార్మా ఊళ్ళో, నది అవతలి పేటలో ఎవరిస్తో అనే మా మామగారు నడిపిన అచ్చాఫీసులో అక్షరాలు పేర్చే కంపోజిటర్ని. ఈ 1945 జూన్‌లో మేజిస్ట్రేటుగారి ఎదుట చెబుతున్నాను.

కిందటి నవంబరులో నా భర్తను ఫాసిస్టు దళంవాళ్ళు వాగు ఒడ్డున కాల్చి చంపారు. మా ఊళ్ళో ఎవరు పోయినా గోడమీద చావు ప్రకటన అంటిస్తాం. దళం చేతిలో చచ్చినవాళ్ళ పేర్లతో అంటించకూడదని దళం కెప్టెన్ స్ట్రింగారి అనే అతను హుకుం జారీ చేశాడు.

అయినా వేద్దామన్నారు మామగారు. బొదోనీ అనే సీసపు అక్షరాల టైపులో వేద్దామన్నారు. ఆ టైపులో నిలువు గీత బాగా లావు, అడ్డగీత వెంట్రుకంత సన్నం. సన్నగీత ఇట్టే విరుగుతుంది. గొప్పవాళ్ళ శుభలేఖలకు, నాటకశాల ప్రకటనలకు తప్ప బయటికి తీయం. ఊళ్ళో అది మా దగ్గరే ఉంది.

"మామయ్యా, మామూలు టైపులో వేద్దాం. అది అందరి దగ్గరా ఉంది. ఇది చూస్తే మన పనేనని పసిపిల్లలు కూడా చెప్పేస్తారు" అన్నాను.

"ఊళ్ళో గొప్పోళ్ళ పెళ్ళిళ్ళన్నిటికీ ఇదే వేశానమ్మాయ్. నా కొడుక్కి చిల్లర టైపా?" అన్నారు.

పేరు నేనే పేర్చాను. కాగితం గరుకు, సిరా నీళ్ళలా ఉంది. మొదటి కాపీలో సన్నగీతలు పడలేదు. పేరు పోయి నల్లటి కమ్మీలు మిగిలాయి. మామగారు కాగితం తడిపి మళ్ళీ తీశారు, మళ్ళీ తీశారు. చివరికి పేరు మొత్తం పడింది. "అదీ మావాడు" అన్నారు.

పొద్దున్నే అంటించాం. మధ్యాహ్నం కెప్టెన్ స్ట్రింగారి ఇద్దరు మనుషులతో వచ్చాడు. అంతకుముందు వేసవిలో కూతురి శుభలేఖలు మా దగ్గరే, అదే టైపులో వేయించుకున్నాడు. చించి తెచ్చిన ప్రకటన బల్లమీద కొట్టాడు.

"ఏం ముసలోడా, మా అమ్మాయి పేరేసిన టైపుతో ఈ దొంగనాకొడుకు పేరు వేస్తావా?"

"కొడుకు నావాడే. దొంగ కాదు" అన్నారు మామగారు.

"పేర్చింది నేను" అన్నాను.

వాళ్ళు నవ్వారు. "నువ్వెళ్ళి జావ కలుపుకో పో" అన్నాడు కెప్టెన్.

పేర్చింది నేనని మళ్ళీ చెప్పాను. మామగారు నా వంక చూడకుండా, "మొగుడు పోయాడు, పిల్లకి మతి కుదురుగా లేదు" అన్నారు.

కెప్టెన్ అక్షరాల అరలున్న టైపు కేసు లాగి నేలమీద బోర్లించాడు. బూటుతో తొక్కాడు. "తొక్కకండి బాబూ, విరుగుతాయి, విరుగుతాయి" అంటూ మామగారు ఏరడానికి వంగారు. అలా వంగి ఉండగానే కెప్టెన్ కాల్చాడు. నేను చూశాను. పక్కింటివాళ్ళు వచ్చి ఎత్తేసరికి కూడా ఆయన గుప్పిట్లో అక్షరాలు ఉన్నాయి. గుప్పిట విప్పలేకపోయాం.

ఆ రోజు ఊళ్ళోనే లేనని స్ట్రింగారి అంటున్నాడని విన్నాను. ఉన్నాడు. ఈ గదిలో కిటికీ పక్కన కూర్చున్నది అతనే.

తీర్పు గోడలకు అంటించేటట్టయితే నేనే పేర్చి ఇస్తాను. బొదోనీలో కొన్ని అక్షరాలు విరగకుండా మిగిలాయి. వాటితో అతని పేరు వేయమంటే మాత్రం వేయను.

ఇదంతా నాకు చదివి వినిపించారు, నేనూ చదివి చూసుకున్నాను. నేను చెప్పినట్టే ఉంది. చెప్పింది నిజం.

(సంతకం) ఇల్డె కవాత్సినీ