దానయ్య తెప్ప ఎక్కిన సరిహద్దు

దానయ్య మొగలిపేటలో తెప్ప మీద చేపలేటకెల్లేవోడు. ఆ ఊరికి ఉత్తరాన, ఏరు సముద్రంలో కలిసే చోట, మోకాలెత్తు నల్లరాయి ఒకటుండేదంట. రాయికి ఇటు ఒక రాజు, అటు ఇంకో రాజు. రాయి ఎక్కడుంటే అక్కడే సరిహద్దని ఇద్దరూ కాయితం రాసుకున్నారు. దానికి కాపలా ఇటోడొక బంట్రోతు, అటోడొక బంట్రోతు. ఎదురెదురుగా కూకుని ఇద్దరూ ఒకే చుట్ట కాల్చుకునేవోరు. దానయ్య పెళ్ళాం కామమ్మ రాయికి అవతల సోనాపేట మనిషి. ఏమైందంటే, ఒకనాడు చేపల కూరలో ఆవముద్ద నూరి ఏసినాది. అటోళ్ళకి ఆవలు పడకపోతే అది కూరే కాదు కదా. ఈడు నోట్లో పెట్టుకుని, చింతపండేదే, చచ్చిన చేపని మళ్ళీ చంపినావు అన్నాడంట. ఆవిడూరుకుంటాదా? "మా అమ్మ వండితే కుండ నాకినావు, అప్పుడేమైనాది ఈ నోరు? నీ రాజు మన్ను ఇంక తొక్కితే అమ్మోరి మీద ఒట్టు!" అని పుట్టింటికెల్లిపోనాది. ఈడూ తగ్గలేదు, వీధిలో నిలబడి, "నీ రాజు మన్ను నేను తొక్కినా అమ్మోరి మీద ఒట్టే!" అన్నాడు. అమ్మోరి మీద ఒట్టు తప్పితే వలలో పీత కూడా పడదు, మీకు తెలిసిందే. మూడోనాటికి ఈడు కాచుకున్న పులుసు ఈడికే గొంతు దిగలేదంట. అప్పటికి కామమ్మకి ఏడో నెల. పిల్ల అక్కడ పుడితే చూడ్డానికైనా ఎల్లలేడు.

అంతలో గాలివాన. ఏటి గట్టు కోసుకుపోయి, రాయి ఊడి ఇసకలో పడినాది. బంట్రోతులు అప్పటికే ఊళ్ళోకి పారిపోయినారు. దానయ్య లంగరూ ఆ గాలివానకే పోయింది, పొద్దున్న ఇసకలో ఈ రాయి చూసి, ఏ రాయైతేనేం అని తాడు కట్టి తెప్ప మీద ఏసుకున్నాడు. నీళ్ళు మన్ను కాదు కదా అని సోనాపేట ఎదురుగా లంగరేసి, ఒడ్డున చేపలెండబెడతన్న పెళ్ళాన్ని చూస్తా కూకున్నాడంట. ఇంతలో బంట్రోతులిద్దరూ రొప్పుకుంటా వచ్చి, "ఒరే దానయ్యా, నీ లంగరే మా సరిహద్దురా! అది అక్కడుంటే సోనాపేట సగానికి తెగిపోనాది!" అన్నారు. మరి మా మావ ఇల్లెటు పడినాదని అడిగాడు. రాయికి పది బారలు ఉత్తరం, అవతలి రాజుదే అన్నారు. ఈడు లంగరెత్తి, ఇరవై బారలు ఉత్తరానికెల్లి, మళ్ళీ ఏసినాడు. "ఇప్పుడో?" "ఇప్పుడు నీ రాజుదే" అన్నాడు అటు బంట్రోతు, ఏడుపు ముఖం పెట్టి.

దానయ్య ఒడ్డుకి దూకి, "ఒలే కామీ, నా రాజు మన్నే తొక్కుతున్నావు. ఇంటికి రాయే!" అన్నాడంట. "నేను తొక్కలేదు మావా, నీ రాజ్యమే వచ్చి నా కాళ్ళ కింద దూరింది. ఇక్కడి నించి ఒక్కడుగేసినా ఒట్టు పోద్ది" అన్నాది. అదీ నిజమే కదర్రా. చివరికి ఏం చేసినారంటే, రాయిని ఒడ్డుకి తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి, తెడ్డుకి కట్టి బంట్రోతులు మోసినారు. ముందు దానయ్య, మధ్యలో రాయి, ఎనక కామమ్మ. రాయికి దక్షిణాన ఈడు, ఉత్తరాన ఆవిడ. అలా మూడు కోసులు నడిచొచ్చినా ఒక్క ఒట్టూ తప్పలేదు. నవ్వకండి, వాళ్ళూ నవ్వలేదంట, రాయి బరువు అలాంటిది.

ఆ రాయిని ఆళ్ళ వంటింట్లో పాతినారు. ఉత్తరప్పొయ్యి మీద ఆవముద్ద, దక్షిణప్పొయ్యి మీద పులుసు. కాపలా కదా, బంట్రోతులూ అక్కడే కూకుని రెండూ తినేవోరు. పిల్ల పుడితే కామమ్మ ఆ రాయి మీదే కూకుని కాళ్ళ మీద ఏసుకుని నీళ్ళు పోసేదంట. ఆ పిల్ల ఏ రాజు మనిషని అడుగుతారేమో, అది నాకూ తెలీదు గానీ, ఆ పిల్లే మా ముత్తవ్వ. మా ఇంట్లో ఇప్పటికీ కూర రెండు కుండల్లో వండుతాం. పొద్దెక్కింది, లెగండి. ఏ కుండలోది తింటారో చెప్పి మరీ లోపలికి రండి, మా ఆవిడ అటోళ్ళ పిల్లే.