ఫారానికి వెనక వైపు

వీధి మలుపులో గోడవారగా ఇస్త్రీ బండి. సాయంత్రం నాలుగున్నర కావస్తోంది. వార్డు ఆఫీసు గుమాస్తా ఫారాల కట్టను బండి అంచున పెట్టుకుని, మూడోసారి లెక్కపెడుతున్నాడు.

"నలభై రెండు... నలభై మూడు! నలభై మూడక్కా! యాభై ఇళ్ళకి నలభై మూడు ఫారాలు! ఇదెక్కడైనా విన్నావా?"

"చెయ్యి తియ్యి తమ్ముడూ, పెట్టె వేడిగా ఉంది."

"నీకు దీని విలువ తెలియట్లేదు. పోయినేడు పార్కు గోడకి ఏ రంగు వెయ్యాలని ఊరంతా అడిగాం. ఎన్నొచ్చాయో తెలుసా? నాలుగు. అందులో ఒకటి మా ఆవిడది."

"మీ ఆవిడ ఏ రంగు కావాలంది?"

"'ముందు మనింటికి సున్నం వేయించండి' అని రాసింది."

"తెలివైన మనిషి."

"అంతకుముందు మీటింగు కూడా పెట్టాం. మైకు కట్టించాం, వంద కుర్చీలు వేయించాం. ఎవరొచ్చారు? మైకు తెచ్చినవాడు, కుర్చీలు తెచ్చినవాడు. ఆ ఇద్దర్నీ కూర్చోబెట్టి మా చైర్మన్ గారు గంటసేపు మాట్లాడారు. కుర్చీలవాడు నిద్రపోయాడు."

"పట్టపగలు పదకొండింటికి పెడితే ఎవరొస్తారు? ఆ వేళకి ఈ వీధిలో నేనూ రెండు కుక్కలూ తప్ప ఎవరుంటారు?"

"నువ్వైనా రావాల్సింది."

"నేనీ వీధిదాన్ని కాదుగా. వీధిలో ఇల్లుంటేనే ఫారం అన్నావు, వీధిలో ఇల్లుంటేనే మీటింగు అన్నావు."

"అది రూలక్కా. నేనేం చెయ్యను?"

"నిన్నేం అనలేదే. ఆ తెల్ల చొక్కా ఇలా అందుకో."

"ఇదిగో. అయినా రూలు రూలే గానీ, ఈ పని నీ వల్లే అయిందక్కా. నేను పది రోజుల కిందట తలుపులు కొడితే ఒక్కరు తీశారా? పన్ను కోసం వచ్చాననుకుని టీవీలు ఆపేశారు. మూడో ఇంటావిడైతే కిటికీలోంచి 'ఇంట్లో ఎవరూ లేరు' అంది! ఆవిడే అంది!"

"నీ ముఖం చూస్తే అలాగే ఉంది. ఎండకి కమిలిపోయి, చేతిలో కాగితాలు, అప్పులవాడిలా. అందుకే పిలిచి మంచినీళ్ళిచ్చా."

"ఇచ్చి, 'ఇలా తే, బట్టలతో పాటు పంపిస్తా' అన్నావు. చొక్కా జేబుకొక ఫారం! జేబులో పంపావు, జేబులోనే తిరిగొచ్చాయి. మా ఆఫీసులో ఇంతమంది చదువుకున్నవాళ్ళున్నారు, ఒక్కరికైనా తట్టిందా ఈ ఉపాయం?"

"ఉపాయమేముంది, అది మా అమ్మ నేర్పిన పద్ధతి. జేబులో ఏది దొరికితే అది మళ్ళీ ఆ జేబులోకే పోవాలి. బస్సు టిక్కెట్టైనా సరే, బంగారమైనా సరే. ఒకాయన జేబులో వాళ్ళావిడ చీటీ ఉండేది. 'ఈసారైనా పాలు తేకపోతే ఇంటికి రావద్దు' అని. మూడు వారాలు చొక్కాతో పాటు దాన్నీ ఇస్త్రీ చేసి అదే జేబులో పెట్టా. నాలుగో వారం ఆవిడే వచ్చి, ఇక తన చీరలు వాళ్ళ పుట్టింటి అడ్రసుకి పంపమంది."

"ఆగాగు. చీటీలు చదువుతావా నువ్వు?"

"అయిదో క్లాసు దాకా చదివా. ఇస్త్రీ చేస్తుంటే కంటికి కనబడదా మరి?"

"చీటీలకి ఇస్త్రీ ఏంటక్కా... అంటే ఈ ఫారాలు ఇంత నున్నగా ఉన్నాయేంటా అనుకున్నా..."

"నలిగిపోయి వచ్చాయి. ఆఫీసుకి అలా పంపుతామా? ముందు వైపు ఒక్కసారి అలా ఆడించా, అంతే."

"మొన్న పది చూపిస్తే మా సూపరింటెండెంటు గారు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు! 'ఇవి ప్రజలు నింపినవేనా?' అన్నారు. ఈవేళ అయిదింటికల్లా కట్ట ఆయన బల్ల మీద ఉండాలి. అయిదున్నర బస్సు ఆయనది. బస్సు వేళయిందంటే కొంప మునిగినా కాగితం ముట్టరు."

"అయితే బయల్దేరు. నాకూ పనుంది."

"ఇంకా అరగంటుందిలే. అది సరే, నీడకి కట్టిన ఆ పట్టా తాళ్ళు ఎందుకు విప్పేశావు?"

"గాలి ఆడట్లేదు."

"పట్టా తీస్తే గాలి కాదు, ఎండ వస్తుంది."

"పాతదైపోయింది. కుట్టించాలి."

"ఆ మూట?"

"ఏ మూట?"

"బండి కింద. గిన్నె, గొడుగు, దేవుడి పటం. పదమూడేళ్ళుగా ఆ గోడకి మేకు కొట్టి ఉందని నువ్వే అన్నావు ఆ పటం. దాన్నెందుకు దింపావు?"

"దుమ్ము తుడవడానికి. నీకు ఆఫీసులో పనుండదా తమ్ముడూ, ఊరికే అవీ ఇవీ అడుగుతావు?"

"అడగడమే నా పని! పది రోజులుగా అందర్నీ అడుగుతూనే ఉన్నా."

"అవును. అందర్నీ అడిగావు."

"ఏంటలా అంటున్నావు?"

"ఏం లేదు. ఇంతకీ ఎటు తేలింది? షెడ్డు ఎక్కడంటున్నారు?"

"బస్సు షెడ్డా? ఒకటో చోటు, చెత్తకుండీ పక్కన. దానికి ఒక్కటంటే ఒక్కటి. రెండో చోటు, మలుపులో ఖాళీ స్థలం. దానికి నలభై రెండు! వీధంతా ఒక్క మాట మీదుంది. ఇలాంటిది మా ఆఫీసు పుట్టాక జరగలేదు. పై నెలలో పని మొదలెడతారు."

"మంచిది. వానొస్తే పిల్లల్ని చంకనేసుకుని తడుస్తున్నారు పాపం. షెడ్డు కావాల్సిందే."

"ఆ ఒక్కడు ఎవరో గానీ... ఇదిగో, చెత్తకుండీ ఎదురింటాయన."

"ఆయన చల్లగా ఉండాలి. ఆయన చొక్కాకి పది రోజులుగా రెండుసార్లు ఇస్త్రీ చేస్తున్నా. రోజూ పొద్దున దీపం పెట్టి ఆయన కోసం దణ్ణం కూడా పెడుతున్నా."

"ఆయనకెందుకు? అక్కా, నాకేదో తేడాగా ఉంది. అసలు సంగతి చెప్పు."

"చెప్పడానికేం లేదు. నీ షెడ్డు ప్లాను ఉందిగా సంచిలో? తియ్యి."

"ఇదిగో. నేను గీసిందే. నేనే స్వయంగా వచ్చి టేపు పెట్టి కొలిచా."

"ఏ రోజు?"

"ఆదివారం. ట్రాఫిక్కు ఉండదని. ఆ చివర్నుంచి వచ్చా, ఇలా రానే లేదు. ఎందుకు?"

"మలుపు నుంచి ఎన్ని అడుగులని రాశావు?"

"పన్నెండు. మునిసిపల్ గోడని ఆనుకుని."

"నడువు."

"ఇప్పుడా? సరే. మలుపు ఇది. ఒకటి, రెండు, మూడు... ఏడు, ఎనిమిది... పది, పదకొండు... అక్కా, కొంచెం కాలు తియ్యి... పన్నెం... అబ్బా! మోకాలు! ఈ బండేంటి ఇక్కడ..."

"పదమూడేళ్ళుగా ఇక్కడే ఉంది. ఆదివారం తప్ప."

"ఆదివారం తప్పా?"

"ఆదివారం నాకు సెలవు. బండి ఇంటికి తోసుకుపోతా. ఖాళీ స్థలమని రాశావు కదా, నిజమే. ఆ రోజుకి ఖాళీయే."

"అక్కా... అక్కా, నాకు... ఫారం కింద చిన్న అక్షరాలతో..."

"'ఎంచుకున్న స్థలంలో అడ్డంకులు ఏవైనా ఉంటే తొలగించబడును.' నలభై మూడుసార్లు చదివా. కంఠతా వచ్చేసింది."

"మరి ఒక్కరికి, ఒక్కరికైనా చెప్పలేదేం?"

"నువ్వేగా అన్నావు. 'ఎవరికీ ఏం చెప్పకక్కా, అభిప్రాయం వాళ్ళది కావాలి, నీది కలవకూడదు' అని. దేవుడి పటం ముందే అన్నావు. నేను సరేనన్నా."

"అది... అందరికీ అలాగే చెప్తాం! నువ్వే అడ్డంకివని నాకేం తెలుసు!"

"ఇప్పుడు తెలిసిందిగా. పోనీలే."

"కోపం రాలేదా నీకు?"

"ఎందుకు రాలేదు? టీచరమ్మ గారి ఫారం చూసిన రోజు ఆవిడ చీర మడత కావాలని వంకరగా పెట్టా. అరగంటకే మనసొప్పలేదు. మళ్ళీ విప్పి చేశా. ఆవిడ కూతురు బారసాల నాటి గౌను నుంచి కాలేజీ డ్రెస్సు దాకా ఈ చేత్తోనే చేశా తమ్ముడూ. ఆవిడ కూడా రెండో చోటుకే వేసింది. వెయ్యకూడదని ఎక్కడుంది? షెడ్డు ఎక్కడ కావాలని అడిగారు, చెప్పారు. నేనెక్కడ నిలబడాలని ఎవరడిగారు?"

"చింపేస్తా. ఈ కట్ట ఇప్పుడే, ఇక్కడే చింపేస్తా. పోయాయని చెప్తా."

"ముట్టుకున్నావంటే వాత పెడతా! వాళ్ళ జేబుల్లోంచి వచ్చినవి అవి. ఎక్కడికి పోవాలో అక్కడికే పోవాలి."

"మరి నువ్వెక్కడికి పోతావు?"

"తొలగించడానికి వచ్చేదాకా ఎందుకు, ఈవేళే పోతా. వంతెన కింద చోటుందంటున్నారు. చూడాలి. అక్కడ ఇస్త్రీ చొక్కా తొడిగేవాళ్ళెవరున్నారో మరి... అదిగో, మాటల్లో పడి మరిచా, బస్సు డ్రైవరు గారి యూనిఫాం. అయిదింటికల్లా ఇవ్వాలి. పదమూడేళ్ళలో ఎవరి బట్టా ఆలస్యం చెయ్యలేదు, ఆఖరి రోజున మాట పడనా?"

"ఆఖరి రోజనకు."

"ప్యాంటు జేబులో ఏదో... ఇంకోటి తమ్ముడూ, నీ ఫారమే. నలభై నాలుగు. ఇదేంటి, ఉండ చుట్టేశాడు! నిన్నంతా దీని మీదే కూర్చుని బస్సు తోలినట్టున్నాడు."

"ఇంకెందుకులే, అలాగే ఇచ్చెయ్యి. ఆయనా రెండో చోటేనా?"

"రెండే. నలభై మూడు మంది. ముందు వైపు ఆడిస్తే లొంగట్లేదు ఇది, రెండు వైపులా ముడతే. తిరగెయ్యాలి."

"తిరగేసి ఏం లాభం? వెనకంతా ఉత్త గీతలు. 'మీ కారణం మీ మాటల్లో రాయండి' అని పెట్టారు పైవాళ్ళు, వద్దంటే వినలేదు. ఎవరు రాస్తారు? రాస్తే మాత్రం ఎవరు చదువుతారు? మా కంప్యూటర్లో టిక్కులకే గడి ఉంది. మాటలకి గడి లేదు... ఏంటక్కా, ఆగిపోయావు?"

"ఏం లేదు."

"కాగితం మాడిపోతుంది, పెట్టె ఎత్తు!"

"ఊఁ."

"ఏడుస్తున్నావా?"

"పొగ."

"గ్యాసు పెట్టెకి పొగెక్కడిదక్కా? ఇలా తే, చూడనీ. ఏం రాశాడు ఆయన... 'రెండో చోటే కట్టండి. అక్కడ మా ఇస్త్రీ అక్క బండి ఉంటుంది. రేకు వేస్తే ఆవిడకీ నీడ. బండి కదిపారంటే మీ షెడ్డు దగ్గర నా బస్సు ఆగదు.'"

"పెద్దగా చదవకు, వీధిలో వింటారు."

"విననీ! ఆ కట్ట ఇలా తే. తిరగెయ్యి. టీచరమ్మది ఏదీ? ఇదిగో, వెనకంతా ముత్యాల్లా... 'బస్సు కోసం మేం నిలబడేది పది నిమిషాలు. ఆమె నిలబడేది పది గంటలు. నీడ ఎక్కడ కావాలో మమ్మల్ని అడగనక్కర్లేదు.'"

"వంకర మడత పెట్టాను తమ్ముడూ ఆవిడకి."

"మళ్ళీ విప్పి చేశావుగా. మూడో ఇంటావిడ... 'షెడ్డులో ఇస్త్రీ బండికి ఒక లైటు పెట్టండి.' ఇంట్లో ఎవరూ లేరన్నావిడ! ఇది చూడు, 'అక్క బండికి చోటు వదిలి బెంచీ వెయ్యండి.' ఇది, 'పట్టా చిరిగిపోయింది, చూడలేకపోతున్నాం.' అన్నీ, అన్నీ ఇవే..."

"చెత్తకుండీ ఆయనది?"

"ఆయన... 'షెడ్డు ఇక్కడ కడితే కుండీ తీస్తారని ఆశ.' అంతే. ఇంకేం లేదు."

"ఓరి దేవుడా! పది రోజులు దణ్ణం పెట్టా ఆయన కోసం!"

"నవ్వకక్కా, నాకు చెమటలు పడుతున్నాయి. ముందు వైపు లెక్క చూస్తే, నలభై మూడు మంది కలిసి నిన్ను పంపించెయ్యమన్నట్టు. వెనక వైపు చూస్తే అదే నలభై మూడు మంది నిన్ను ఉంచమన్నట్టు. నేను ముందు వైపే పట్టుకుపోయేవాణ్ణి. పై నెలలో లారీ వచ్చి, వాళ్ళ మాట ప్రకారమే నీ బండి ఎత్తుకుపోయేది."

"నేనూ అంతేగా. ముందు వైపే ఇస్త్రీ చేశా."

"ఇవన్నీ వెనక వైపు పైకి పెట్టి కట్టు. ఆదివారం కొలిచానని కూడా నేనే ఒప్పుకుంటా. తిట్టనీ."

"మరి మాటలకి గడి లేదన్నావు?"

"గడి లేకపోతే నోరుంది. సూపరింటెండెంటు గారి ఎదురుగా నిలబడి నలభై నాలుగూ పైకి చదువుతా. కానీ... ఆయన ఉండాలిగా! ఎంత తొందరగా చదివినా గంట పడుతుంది. అయిదున్నరకి బస్సు హారను కొట్టిందంటే సగంలో లేచిపోతారు. రేపట్నుంచి ఆయనకి వారం సెలవు. ఈలోగా టిక్కుల లెక్క పైకి పోతుంది."

"ఆ అయిదున్నర బస్సు తోలేది ఎవరనుకున్నావు?"

"ఎవరు?"

"ఆ పట్టా తాడు ఇలా అందించి, నువ్వు తాపీగా వెళ్ళి చదువుకో తమ్ముడూ. యూనిఫాం లేకుండా డిపోలో ఆయన్ని బస్సు ఎక్కనివ్వరు. ఈ ఒక్కరోజుకి, ఈ ఒక్క చొక్కా ఆలస్యమవుతుందిలే."