పదకొండో సీసా

"మీ సీసాయే మీ అక్కని చంపింది. అందులో మాట్లాడుకోవడానికేం లేదు."

ఆహార తనిఖీ ఆఫీసరు సీలు వేసిన షెడ్డు ముందు, మెట్టు మీద బావ కూర్చున్నాడు. ఎదురుగా మరదలు కాగితం, పెన్ను పట్టుకుని నిలబడి ఉంది.

"నేను వాదనకి రాలేదు బావా."

"మరి దేనికొచ్చావు?"

"రేపు ఆఫీసరు నిన్నూ అడుగుతాడు. తప్పు మాదే అని నువ్వంటే ఈ షెడ్డు ఇక తెరుచుకోదు. ఎనిమిది మందిమీ మళ్లీ కూలికి పోవాల్సిందే."

"పోండి. చిక్కుడు గింజలు ఉడకబెట్టి సీసాలకెక్కించకముందు బతకలేదా?"

"ఇది పెట్టించిందే అక్క. మిగిలిన పంట పశువుల పాలు కాకూడదని ఇంటింటికీ తిరిగింది."

"అబ్బో, తిరిగింది. ఇంట్లో నా అన్నం మాత్రం చల్లారిపోయేది."

"సరే, నీ అన్నం సంగతి తర్వాత. ఆ సీసా ఎక్కడిది?"

"మా ఇంటి అరలోది. మీరు లేబులు వెయ్యకుండా ఇళ్లకి పంచుకునే వాటాలోదే అయ్యుంటుంది. లేబులు లేదు."

"వాటా సీసాలు మూత మూతా నొక్కి చూసిందాన్ని నేను. ఉబ్బింది ఒక్కటీ లేదు."

"చూసి ఉండవు."

"చూశాను! మొత్తం సరుకులో చెడి ఉబ్బినవి పదకొండు. లేబుళ్లు చింపేసి వెనక గోతిలో పడేశాం. మాతో పనిచేసే పొట్టిది మట్టి కప్పింది. నాలుగు రోజుల కిందట ఆఫీసరు తవ్విస్తే పదే ఉన్నాయి. వింటున్నావా?"

"చెవుడు రాలేదు ఇంకా."

"పొట్టిదే ఒకటి దాచి అక్కకిచ్చిందని ఊరంతా అంటోంది. దాని మొగుడు గడప తొక్కనివ్వట్లేదు. మూడు రోజులుగా మా ఇంట్లోనే పడుంది, ముద్ద ముట్టదు."

"పొట్టిదా? దానికేం తెలుసు?"

"నేనూ అదే అంటున్నా. ఎవరు నమ్ముతారు?"

"అది మట్టి కప్పింది మర్నాడు పొద్దున. అంతకుముందు సాయంత్రమంతా గొయ్యి తెరిచే ఉంది."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

"బావా. ఎలా తెలుసు?"

"మంచి గింజలు. నీళ్లు తేటగా ఉన్నాయి. వాసన కూడా లేదు. మూతే కాస్త ఉబ్బింది. నేల రాలిన గింజ ఏరుకునే ఇల్లు మాది."

"గోతిలోంచి తీశావా?"

"తిండి పారేస్తారా ఎవరైనా? తీశాను. కడిగాను. కొత్త మూత పెట్టి అరలో పెట్టాను. మీ అక్కకి చెబితే తిడుతుందని చెప్పలేదు."

"లేబులు లేదు, మూత బాగుంది... వాటా సీసా అనుకుంది అక్క."

"ఆకలేసి వేడి కూడా చెయ్యకుండా తినేసింది. సగం నాకుంచింది. ఆ పూట నేను అలిగి తినలేదు."

"మరి ఏం తిన్నదని డాక్టరు అడిగినప్పుడు..."

"కాగితం తెచ్చావుగా, రాయి. పొట్టిది కాదు, నేను. సంతకం చేస్తాను."

"అక్కకైనా చెప్పావా, పోయేలోపు?"

"రాయమన్నాను."

"చెప్పావా బావా?"

"అడిగింది. రెప్పలెత్తలేక, ముద్దముద్దగా. మూతలెవరు చూశారని అడిగింది. 'నీ చెల్లెలే' అన్నాను. ఆ మాట విన్నాకే కళ్లు మూసింది. ఇక దీని గురించి నన్నెప్పుడూ అడక్కు. నేను మాట్లాడను."