పరుగెత్తించి గుండెను చూసిన డాక్టరమ్మ

పంతొమ్మిది వందల తొంభై రెండు, జూలై ఆరో తేదీన మా ఆసుపత్రి పిల్లల హృద్రోగ విభాగంలో వైద్యురాలిగా చేరిన మేడమ్ గారు నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఈ సభలో చదివే అభినందన పత్రంలో మంచి మాటలే రాయాలని కార్యవర్గం సూచించింది. మేడమ్ గురించి మంచి మాటలకు కొదవ లేదు. ఆసుపత్రి గురించే వెతుక్కోవాలి.

చేరిన కొత్తలో వారికి అప్పగించిన బాధ్యత, మంచంపై పడుకోబెట్టిన పిల్లల గుండెను స్కానింగులో చూసి నివేదిక రాయడం. కొందరు పిల్లల్లో గుండెకు రక్తం అందించే ధమని పుట్టుకతోనే ఉండవలసిన చోట కాక మరోచోట మొదలవుతుంది. పడుకున్నప్పుడు ఆ గుండె నిక్షేపంగా కొట్టుకుంటుంది. పరుగెత్తినప్పుడు ధమని నొక్కుకుపోయి గుండెకు రక్తం చాలదు. అందుచేత అనుమానమున్న పిల్లలను తమ కళ్లెదుటే ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి, దిగిన వెంటనే స్కాన్ చేయాలని వారు పట్టుబట్టారు. పసివాళ్లను ఆయాసపెట్టడం దేనికంటూ ఆసుపత్రి పెద్దలు ఆ విన్నపాన్ని చెవిన పెట్టలేదు.

ఆ మరుసటి ఏడే, స్కానులో లోపమేమీ కనబడక ఇంటికి పంపిన పదేళ్ల బాలుడు బడి మైదానంలో కుప్పకూలి మరణించాడు. నాటి డైరెక్టరు గారు మేడమ్‌ను పిలిపించి ఓదార్చారు.

"బాధపడకమ్మా, మన రిపోర్టులో తప్పేం లేదు కదా."

"రిపోర్టు బాగానే ఉందండీ. పిల్లాడే లేడు" అన్నారు మేడమ్.

ఆ తరువాత ట్రెడ్‌మిల్ వచ్చింది. ప్రారంభోత్సవ ఫలకం మీద డైరెక్టరు గారి పేరు చెక్కించారు.

గుండె దడ తగ్గేలోపే స్కానులో దాని బొమ్మ పట్టుకోవాలి కనుక, బెల్టు దిగి చటుక్కున పడుకోవడాన్ని మేడమ్ పిల్లలకు ఒక ఆటగా నేర్పేవారు. ఒక ఏడేళ్ల పాపకు ఆ ఆట ఎంత వంటబట్టిందంటే, నాలుగడుగులు వేయగానే దూకి మంచమెక్కేసేది. బతిమాలి బతిమాలి విసిగిన మేడమ్, అప్పటికే యాభై దాటిన మనిషి, చెప్పులు విడిచి బెల్టు పక్కనే, ఉన్నచోటనే పోటీగా పరుగు మొదలుపెట్టారు. పాప పంతం పట్టి చివరిదాకా పరుగెత్తింది. మంచమెక్కి, రొప్పుతున్న మేడమ్‌ను చూసి, "ముందు మీరు పడుకోండి డాక్టరమ్మా, నేను చూస్తా" అంది. గదిలో అందరూ పగలబడి నవ్వారు. మొదట నవ్వు ఆపింది మేడమే. స్కాన్ తెర మీద పాప గుండె ముందుగోడ సరిగా కదలడం లేదు. సకాలంలో శస్త్రచికిత్స జరిగిన ఆ పాప నేడు ఈ సభలో ముందు వరుసలో కూర్చుని ఉంది.

మేడమ్ స్థానంలో ఎవరినీ నియమించడం లేదు. ఇటువంటి కేసులు తక్కువట. ట్రెడ్‌మిల్‌ను అధికారుల వ్యాయామశాలకు తరలించారు. అక్కడ దానికి పని ఎక్కువట.

నిన్న మేడమ్ గది తాళం అప్పగిస్తూ ఉండగా, ఒక తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. పరీక్షకు వచ్చే వారం రమ్మన్నారు కదా, ఇక మా అమ్మాయిని ఎవరు చూస్తారని అడిగాడు. పక్కనున్న పరిపాలనాధికారి తాళం అందుకుని జేబులో వేసుకున్నారు.

"పడుకోబెట్టి చూస్తారు బాబూ" అన్నారు మేడమ్. "వేరే ఆసుపత్రికి రాసిస్తాను, అక్కడ పరీక్ష అయ్యేదాకా పాపను పరుగెత్తనివ్వకండి."

మేడమ్ గారు సంపూర్ణ ఆరోగ్యంతో, మనవల వెంట పరుగులు తీసే సత్తువతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని సహోద్యోగులందరం మనసారా ఆకాంక్షిస్తున్నాం. రేపటి నుంచి వారు చూడలేని పిల్లలకూ అంత ఆయుష్షు ఉండాలని కోరుకుంటున్నాం. ఇకపై ఈ ఆసుపత్రి ఆ పిల్లలకు చేయగల వైద్యం అదొక్కటే.