ఆ రెండేళ్ల మార్కులు

1996 మార్చి, అమెరికాలోని డులూత్. సరస్సు మీద మంచు ఇంకా కరగలేదు. రేవులో ఓడలకు ఇనుప ఖనిజం ఎత్తే పని నుంచి రిటైరైన టోయివో హార్యు, అతని కూతురు ఐలా వంటింట్లో ఉన్నారు. మెడికల్ కాలేజీ ఉత్తరం బల్ల మీద ఉంది.

“ఇంకోసారి చదువు.”

“ఎన్నిసార్లు చదివినా అదే నాన్నా. సీటివ్వలేకపోతున్నాం, చింతిస్తున్నాం.”

“మరి మాస్టర్సో? అన్నీ ‘ఏ’ గ్రేడ్లే కదా! రెండేళ్లు ఒళ్లు హూనం చేసుకున్నావు.”

“చూశారు. చాలా బాగుందన్నారు.”

“బాగుంటే ఇవ్వడానికేం రోగం?”

“ఆ మార్కులు వేరే గడిలో వేస్తారు, డిగ్రీవి వేరే గడిలో. ముందు చూసేది డిగ్రీవే. మాస్టర్స్ పక్కన నిలబడుతుందంతే. పాతవాటిని చెరిపెయ్యదు.”

“ఇదెక్కడి న్యాయమే! పందొమ్మిదేళ్లప్పుడు తప్పిన కెమిస్ట్రీ ఇరవై ఎనిమిదేళ్లొచ్చినా వెంటపడుతుందా?”

“పడుతుంది.”

“అంతా దొంగలు. డాక్టర్ల పిల్లలకే సీట్లు.”

“అలా అనకు. మొదటి రెండుసార్లూ గుమ్మం ఎక్కనివ్వలేదు. మాస్టర్స్ చూసే ఈసారి ఇంటర్వ్యూకి పిలిచారు.”

“మళ్లీ అప్లై చెయ్యి.”

“మూడుసార్లే నాన్నా. నాలుగోసారి తీసుకోరు.”

“...పిలిచి ఏం అడిగారు?”

“కాఫీ చల్లారిపోతోంది. రొట్టె తిను, యాలకులు వేశాను.”

“ఏం అడిగారే?”

“డిగ్రీలో మార్కులు పోయిన ఆ రెండేళ్ల గురించే. పెద్దావిడ, మంచావిడే. ‘ఇంత బాగా చదివే అమ్మాయివి, అప్పుడేమైందమ్మా? కారణం ఉంటే చెప్పు, రాసుకుంటాను’ అంది. రెండుసార్లు అడిగింది.”

“నువ్వేమన్నావు?”

“బద్ధకం అన్నాను.”

“బద్ధకమా? నువ్వా?”

“వదిలెయ్ నాన్నా.”

“మీ అమ్మ పోయింది అప్పుడే కదా. అదైనా చెప్పాల్సింది.”

“చెప్పాను. ‘అయ్యో’ అంది. ‘మరి ఆ తర్వాత?’ అంది.”

“ఆ తర్వాత...”

“వదిలెయ్యమన్నానా!”

“ఆ తర్వాత నేను తాగాను. అది చెప్పాల్సింది. పరీక్ష రోజున నన్ను ఆసుపత్రిలో చేర్పించి, నువ్వు పక్కన కూర్చున్న సంగతి చెప్పాల్సింది. నా వాంతులు ఎత్తిపోసిన సంగతి చెప్పాల్సింది.”

“మానేసి ఏడేళ్లయింది. చుక్క ముట్టలేదు నువ్వు. ఇప్పుడవన్నీ తవ్వడం ఎందుకు?”

“నీ జీవితం కదమ్మా! ఒక్క మాట. ఒక్క మాట చెప్పుంటే...”

“తలుపు తీసే ఉంది నాన్నా.”

“ఏ తలుపు?”

“ఇంటర్వ్యూ గది తలుపు. బయట బెంచీ మీద నువ్వున్నావు. కొత్త టై కట్టుకుని. నేను నోరు తెరిస్తే నీకు వినపడుతుందని... ఇదిగో, ఏంటిది? ఎందుకేడుస్తావు? బద్ధకం అన్నది నేను. నీ తప్పేముంది ఇందులో?”

“వినపడింది ఐలా.”

“ఏంటి?”

“ఆవిడ అడగడం, నువ్వు బద్ధకం అనడం, ఆవిడ మళ్లీ అడగడం. అన్నీ వినపడ్డాయి. లేచి లోపలికొచ్చి చెప్పాలని బెంచీకి చెయ్యి ఆన్చాను కూడా. లేవలేదు తల్లీ.”