లేని దేశపు పటం

టైడా స్టేషన్‌లో విశాఖ రైలు కోసం చూస్తూ, తల్లి మరోసారి కూతురి సంచి తెరిచింది. ఈసారి నోటుపుస్తకం చేతికి తగిలింది.

"ఈ పటమేటే సిల్వియా? కొండలు, ఏరు, దొంగదారులూనూ!"

"నా కథలో దేశమమ్మా. నిజంగా ఎక్కడా లేదు."

"లేని దేశానికి దారులెందుకే? ఈ ఏటి వంపు అచ్చం మనూరిదే."

"చూసిందే కదమ్మా గీసేది?"

"హైదరాబాదులో సభన్నావు. పుస్తకంలో పెట్టిన ఈ పిలుపు కాగితంలో మారువేషంలో రమ్మని, మారుపేరు పెట్టుకోమని రాసుంది. నిజం సెప్పు, అన్నల్లో కలిసిపోతన్నావా?"

"అయ్యో! మాయలూ రాక్షసుల కథలూ రాసేవాళ్ళం కలుస్తామమ్మా. సరదాకి ఆ కథల్లో మనుషుల్లా ముస్తాబవుతాం. నన్ను నా కథ చదివి వినిపించమన్నారు."

"పోలీసోళ్ళకి సరదాలు తెల్దు. మొన్న లాజరస్ మేష్టారి సంచిలో బడి పటం దొరికితేనే రెండ్రోజులు కూకోబెట్టారు."

రైలు కూత వినిపించింది. తల్లి పటమున్న కాగితం చింపి, మడిచి, రవికలో దోపుకుంది.

"అమ్మా! అది లేకపోతే కథ వినేవాళ్ళకి ఆ దేశంలో దారెలా తెలుస్తుంది?"

"నోటితో సెప్పు. కొండోళ్ళం ఎవులికైనా దారి నోటితోనే సెప్తాం. ఇది నా కాడుంటాది. పోలీసులడిగితే నేనే గీశానంటాను."

"నీకు గీయడం రాదు కదమ్మా!"

"అది ఆళ్ళకి తెల్దు. నువ్వు బేగి తిరిగొచ్చి తీసుకో."