తంబుర గుర్రం

ధాత నామ సంవత్సరపు కరువు దాటిన మరుసటి ఏడు. ఉదయగిరిలో భజనల గురుస్వామి ఇల్లు. భార్య రామలక్ష్మమ్మ జొన్నలు చెరుగుతున్నది.

“ఆ చేట కాసేపు ఆపవే. తంబుర శ్రుతి వినపడకుండా ఉండాది.”

“చెరగకపోతే రాత్రికి శ్రుతి తిందామా?”

“విను, విను. తీగల కింద ఆనించే గుర్రం బిళ్ల మార్చినాంక ఎట్టా పలకతా ఉండాదో! టేకుది పెడితే గొంతు పట్టేసినట్టుండె. ఇత్తడిది పెడితే గిన్నె కిందపడినట్టు మోగె. దంతమంటే దంతమే.”

“దంతమేనా?”

“నువ్వే గదా పేట అంగట్లో తెచ్చింది! రోజూ బొట్టు పెట్టి మొక్కుతుండా. రేపు ఆత్మకూరు భజనలో చూడు, ఒక్కొక్కడూ...”

“అది సరే. మీ చెల్లెలికి నెలలు నిండినాయి. పురుడు పుట్టింట్లోనే అని ఆశ పడతా ఉండాది.”

“ఏ చెల్లెలు?”

“ఎంతమంది ఉండారు నీకు? మాలకొండమ్మ.”

“ఆమె హన్నమ్మ గదా ఇప్పుడు! కరువులో గంజి కోసం దొరల మతంలో కలిసిపోయె.”

“ఆ గంజి మనం పోసుంటే కలిసేదా?”

“కలవనీ. ఆ మొగుడు శీనయ్య? చచ్చిన గొడ్ల ఎముకలు ఏరకొచ్చి దువ్వెనలు కోస్తాడు. ఆ ఎముకలు ముట్టిన చేతుల్తో నా గడప తొక్కితే ఇంట్లో దేవుడుంటాడా?”

“ఎముకొస్తే దేవుడు పోతాడా?”

“పోడా మరి!”

“అయితే ఎప్పుడో పోయుండాల.”

“ఏందే నువ్వనేది?”

“దంతం కొనేదానికి నా దగ్గరేముండాది? శీనయ్యే చెక్కిచ్చినాడు. మీ చెల్లెలు ఆ కడుపుతో కూర్చోని నున్నగా అరగదీసింది.”

“ఎముకా? యాడిది?”

“వద్దులే.”

“యాడిదే?”

“కరువులో మన ఎర్రెద్దు చస్తే అన్నం ముట్టకుండా ఏడిస్తివే, దాని ముంగాలిది. ఎద్దు మా అన్న దగ్గరే ఉండనీ అనింది మీ చెల్లెలు.”

“మన ఎర్రెద్దుదా!”

“పీకి పారెయ్. టేకుది చూర్లో దాచినా... ఏమయ్యా? తంబురకు గుడ్డ చుడతావేంది? అప్పుడే ఆత్మకూరుకా? ఒక్క మాటన్నా చెప్పి... పోయినాడే! హన్నమ్మా! దొడ్లో ఎంతసేపు నిలబడతావు, లోపలికి రా. మీ అన్న గుర్రం పీకలేదు. సంకలో పెట్టుకుని భజనకు పోయినాడు.”